కారుకో గది

మా గరాజ్‌లో ఏమేం ఉన్నాయో ముందు చెప్తాను. సోనా మసూరి బియ్యం బస్తాలు మూడు. పోయినసారి మా అత్తగారు తెచ్చిన ఇత్తడి సామాను, సూట్‌కేసులోంచి ఇంకా బయటికి తియ్యలేదు. బొమ్మల కొలువు మెట్లు. పాప చిన్నప్పటి తొట్టి. కోవిడ్ రోజుల్లో కొన్న ట్రెడ్‌మిల్, దాని మీద ఆరేసిన బట్టలు. ఒక టీవీ డబ్బా. ఆ టీవీ ఎప్పుడో పోయింది, డబ్బా మాత్రం భద్రంగా ఉంది. లేనివల్లా మా కార్లే. అవి రెండూ వీధిలో ఉంటాయి.

20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. 400 చదరపు అడుగులు, మన లెక్కలో 44 గజాలు. ఉద్యోగాల వేటలో ముగ్గురం కలిసి ఉన్న అమీర్‌పేట గది ఇందులో సగం కూడా ఉండదు.

మేం ఉండేది బే ఏరియా తూర్పు వైపు ఒక ఊళ్ళో, టౌన్‌హోమ్‌లో. ఇక్కడ లేనివాళ్ళ కోసం చెప్పాలంటే, గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన సన్నటి ఇళ్ళవి. మాది మూడంతస్తులు. కింద గరాజ్, పైన హాలూ వంటిల్లూ, ఆపైన పడకగదులు. కొనేటప్పుడు "ఈ గరాజ్ మాకొద్దు, ఆ మేరకు ధర తగ్గించండి" అనడానికి లేదు. అది బిల్డర్ చేతిలో ఉన్న విషయం కాదు. ఇంటికి రెండు పార్కింగ్‌లు, అవి కూడా పైకప్పు ఉన్నవి, ఉండి తీరాలని మా సిటీ జోనింగ్ నిబంధన. జోనింగ్ అంటే ఏ నేల మీద ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు లేపొచ్చు, చుట్టూ ఎంత వదలాలి అని ఊరు రాసుకున్న చట్టం. ఇంట్లో ఎన్ని పడకగదులుండాలో అందులో లేదు. కారుకి ఎంత చోటుండాలో మాత్రం అడుగుల్లో సహా ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయినేడాది నేనొక పిటిషన్ మీద సంతకం పెట్టాను.

మా వీధి చివర సిటీ వాళ్ళ పాత యార్డు ఒకటుంది. ఒకప్పుడు లారీలు, పైపులు పెట్టుకునేవాళ్ళట. అక్కడ 44 టౌన్‌హోమ్‌లు కట్టి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి లాటరీ తీసి అద్దెకిస్తామని ఒక నాన్‌ప్రాఫిట్ సంస్థ ముందుకొచ్చింది. ఇంటికి ఒకటిన్నర చొప్పున 66 పార్కింగ్‌లు. గరాజ్‌లు లేవు, ఆరుబయట గీతలు గీసిన స్థలాలే. (ఒకటిన్నర కారేంటని నేనూ నవ్వాను. రెండిళ్ళకి మూడు అని దానర్థం.) ఇలాంటి ఇళ్ళు కట్టేవాళ్ళని రెండు మూడు పడకగదుల ఇంటికి ఒకటిన్నరకి మించి పార్కింగ్ అడగకూడదనీ, పైకప్పు ఉండాలని పట్టుబట్టకూడదనీ కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం చెప్తుంది. కానీ ఇక్కడ నేల సిటీది. ఇవ్వడం మానడం వాళ్ళ ఇష్టం కాబట్టి బేరానికి చోటుంది.

మా తెలుగు వాట్సాప్ గ్రూపులో లింకు వచ్చింది. "అందరూ సైన్ చెయ్యండి బ్రో, ఇప్పటికే వీధిలో పార్కింగ్ దొరకట్లేదు." పిటిషన్ మొదటి వాక్యమే ఎంతో మర్యాదగా ఉంది: మేం అందుబాటు ధర ఇళ్ళకి వ్యతిరేకం కాదు, పార్కింగ్ చాలకపోవడానికే వ్యతిరేకం అని. ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో నా వంతు వచ్చేలోపు సంతకం అయిపోయింది. నిజానికి అందులో అబద్ధం ఏమీ లేదు. వీధిలో చోటు దొరకడం కష్టంగానే ఉంది. మా కార్లు రెండూ వీధిలోనే ఉన్నాయి కదా.

తర్వాత వారం ఎందుకో ఆ 'ఇంటికి రెండు' మీద అనుమానం వచ్చింది. ప్రోగ్రామర్ బుద్ధి. కోడ్‌లో కారణం రాయకుండా ఒక అంకె కనిపిస్తే మేం దాన్ని మేజిక్ నంబర్ అంటాం. ఎవడు పెట్టాడో తెలీదు, ఎందుకు పెట్టాడో తెలీదు, తీస్తే ఏం కూలుతుందోనని ఎవడూ ముట్టుకోడు. అలా వెతుక్కుంటూ డొనాల్డ్ షూప్ దగ్గర తేలాను. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్, 2025 ఫిబ్రవరిలో పోయారు. 2005లో 'ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్' అని ఏడు వందల పేజీల పైచిలుకు పుస్తకం రాశారు. పార్కింగ్ మీద అన్ని పేజీలా అనుకుంటూనే మొదలుపెట్టాను. మధ్యమధ్యలో చెప్పిందే చెప్తున్నాడనిపించినా, చాలా చోట్ల నవ్వుతూ చదివాను. అంకెల పుస్తకానికి అది మామూలు సంగతి కాదు.

1923లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో అపార్ట్‌మెంట్లకి పార్కింగ్ తప్పనిసరి చేశారు. 1939లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో హోటళ్ళకి, ఆస్పత్రులకి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశమంతా అదే దారి. మరి ఎన్ని కావాలని ఎలా తేల్చారు? చాలా ఊళ్ళు పక్క ఊరి నిబంధన చూసి రాసుకున్నాయి. ఇంకొన్ని రవాణా ఇంజనీర్ల సంఘం వేసిన మాన్యువల్ చూశాయి. అందులో అంకెలు ఎక్కువగా బస్సు సౌకర్యం లేని, పార్కింగ్ ఉచితంగా దొరికే శివారు చోట్ల, బాగా రద్దీ వేళ కార్లు లెక్కపెట్టి తీసినవి. పెళ్ళిలో బఫే దగ్గర తిన్నవాళ్ళని లెక్కపెట్టి, ఇకమీదట ఊళ్ళో ప్రతి ఇంట్లో అంతమందికి వండి తీరాలని చట్టం చేసినట్టు. మాకు స్టాక్ ఓవర్‌ఫ్లో ఎలాగో వాళ్ళకి పక్క ఊరి మున్సిపల్ కోడ్ అలాగన్నమాట.

వండినదాని ఖర్చు ఎక్కడికీ పోదు. ఇంటి ధరలోనో అద్దెలోనో కలిసిపోతుంది. కారు లేని ముసలావిడ కూడా కారు గదికి అద్దె కడుతుంది. రసీదు మీద ఆ పేరు ఉండదు కాబట్టి కడుతున్నట్టు ఆవిడకే తెలీదు.

నా గరాజ్ తలుచుకుని సిగ్గుపడుతున్నప్పుడు ఒక ఊరట కూడా దొరికింది. అదే యూనివర్సిటీ పరిశోధకులు లాస్ ఏంజెలస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళలోని సామానంతా లెక్కపెట్టి 2012లో పుస్తకం వేశారు. నాలుగింట మూడొంతుల గరాజ్‌లలో కారు పట్టే చోటు లేదట. ఒంటరివాణ్ణి కాదు.

మార్పు మొదలవకపోలేదు. 2017లో బఫెలో, 2023లో ఆస్టిన్ ఊరంతటికీ ఈ తప్పనిసరి నిబంధన తీసేశాయి. రైలు స్టేషన్ లాంటి పెద్ద రవాణా కూడలికి అర మైలు లోపు కట్టేవాటికి సిటీలు పార్కింగ్ అడగకూడదని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. మా యార్డు బార్ట్ స్టేషన్‌కి మైలు పైనే ఉంది, కాబట్టి అది మాకు తగల్లేదు.

ఇక్కడితో తేలిపోయిందనుకున్నాను. అంకె తప్పు, నిబంధన తప్పు, నా సంతకం తప్పు. ఆ ఊపులో సిటీ కౌన్సిల్ హియరింగ్‌కి వెళ్ళాను, మాట్లాడదామనే. మనిషికి రెండు నిమిషాలు ఇస్తారు. ముందు మాట్లాడినవాళ్ళు ఊహించినట్టే మాట్లాడారు. ఫైరింజను తిరగదు, పిల్లలకి ప్రమాదం, వీధి స్వభావం మారిపోతుంది. నాకు సరిగ్గా ముందు ఒకావిడ లేచింది. ఆస్పత్రి యూనిఫాంలోనే వచ్చింది. "పార్కింగ్ తగ్గిస్తే పేదవాళ్ళకి మేలని మీకెవరు చెప్పారు? నేను రాత్రి పదకొండుకి షిఫ్టు దిగుతాను. ఆ టైముకి బస్సుండదు. మా చెల్లి ఇంకో వైపు పనిచేస్తుంది. ఒకింట్లో ఇద్దరు పనికెళ్తే రెండు కార్లు కావాలి. బస్సెక్కండి అని మాకు చెప్పేవాళ్ళంతా ఇంట్లో కూర్చుని పనిచేసుకునేవాళ్ళే."

చివరి మాటకి చప్పట్లు పడ్డాయి. నేను ఇంట్లో కూర్చుని పనిచేసుకునేవాణ్ణి. నా పేరు పిలిస్తే, ఏమీ లేదని చెయ్యూపాను.

ఆవిడ మాటకి షూప్ దగ్గర జవాబుంది. తప్పనిసరి తీసెయ్యడమంటే పార్కింగ్‌ని నిషేధించడం కాదు, కావలసినవాళ్ళు కట్టుకోవచ్చు. నిజమే. కానీ ఆ జవాబు ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్ళకి సరిపోతుంది. లాటరీలో ఇల్లొచ్చిన మనిషి "రెండు పార్కింగ్‌లున్నది చూపించండి" అనలేదు, ఇచ్చింది తీసుకుంటుంది. ఈ శివారు ఊళ్ళలో కారంటే షోకు కాదు, కాళ్ళు. ముందు కారు లేకపోతే బతకలేని ఊళ్ళు కట్టేశాం. ఇప్పుడు కార్లు తగ్గించే ప్రయోగం పేదవాళ్ళ ఇళ్ళతో మొదలుపెడుతున్నాం. మా వైపు ఎవరూ ఒక్క గరాజ్ కూడా తగ్గించలేదు. ఇది న్యాయమా? సైకిళ్ళ మీద తిరిగే షూప్ అభిమానులు ఈ ప్రశ్నని తేలిగ్గా దాటేస్తారని నాకనిపించింది. నేనూ అంతవరకు దాటేసినవాణ్ణే.

జవాబు లాంటిది అనుకోని చోట దొరికింది. మా పాప డేకేర్‌లో ఒక టీచరుంది. ఆవిడ ఉండేది ట్రేసీలో. ఆల్టమాంట్ కొండలు దాటి రావాలి. ఏడింటికి డేకేర్ తలుపు తియ్యాలంటే ఐదింటికల్లా బయల్దేరుతుంది. ఒక సాయంత్రం పాపకి బూట్లు తొడుగుతూ, "మీ వీధి చివర ఇళ్ళు కడతారట కదా, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో తెలిస్తే కాస్త చెప్తారా?" అంది. నాకు వెంటనే నోట మాట రాలేదు. తేరుకుని, ఏదో తెలివైన ప్రశ్న వేస్తున్నాననుకుని, "అక్కడ మీకు ఒకటే పార్కింగ్ రావచ్చు, సరిపోతుందా?" అన్నాను. వాళ్ళకి రెండు కార్లున్నాయని నాకు తెలుసు.

ఆవిడ నన్ను కొంచెం వింతగా చూసింది. "ఇక్కడుంటే నడిచొస్తాను కదా. నాకు కారెందుకు? అది ట్రేసీ కోసం."

పిటిషన్ పెట్టినవాళ్ళూ, ఆస్పత్రి ఆవిడా, షూప్ పుస్తకం చంకలో పెట్టుకున్న నేనూ, అందరం ఒకటే తప్పు చేశాం. కార్ల సంఖ్యని మనిషి ఎత్తూ బరువూ లాగా ఒక గుణం అనుకుని మాట్లాడాం. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి రెండు; కాదు, ఒకటిన్నర. ఆ రెండో కారు ఆవిడది కాదు, దూరానిది. ఇల్లు దగ్గరగా ఉంటే ఆ కారే ఉండదు. ఆ కారునే చూపించి ఇంటిని దగ్గరగా రానివ్వట్లేదు. ఆస్పత్రి ఆవిడ విషయంలో ఇది పనిచెయ్యకపోవచ్చు. రాత్రి పదకొండు అంటే రాత్రి పదకొండే. అందుకే ఆవిడ మాట తప్పని ఇప్పటికీ అనలేను. కానీ 44 కుటుంబాలకీ రెండేసి కావాలని వాళ్ళని అడిగి రాసినవాళ్ళు మాత్రం లేరు.

అడగడం కుదరదు కూడా. హియరింగ్‌లో కూర్చున్నవాళ్ళంతా ఇప్పటికే ఇక్కడ ఇల్లున్నవాళ్ళం. ఇంకా రానివాళ్ళకి ఈ ఊళ్ళో ఓటు లేదు. ఆ రెండు నిమిషాలకి రావాలన్నా ట్రేసీ నుంచి రావాలి, మర్నాడు ఐదింటికి మళ్ళీ బయల్దేరాలి. ఇంకా మన పొరుగువాళ్ళు కానివాళ్ళకి మనం ఏమైనా బాకీ ఉంటామా? నేను ఇంతకాలం ఆలోచించని ప్రశ్న ఇది. ఆలోచించాల్సిన అవసరం రాకుండా 'పార్కింగ్' అనే మాట చూసుకుంది. "మీరు మా పక్కన ఉండొద్దు" అని ఆ టీచర్ మొహం చూసి అనగలవాళ్ళు మా వీధిలో లేరు. మావాళ్ళు నిజంగానే మంచివాళ్ళు, వర్షం పడితే ఒకరి పిల్లల్ని ఒకరు స్కూలు నుంచి తెచ్చుకుంటాం. రెండు అనే అంకెకి మొహమాటం లేదు, మా బదులు అదే అనేస్తుంది.

పేరెత్తకుండా పక్కకి తప్పించడం ఈ రాష్ట్రానికి కొత్త కాదు. "పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు" సాగుభూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. జపాన్ వాళ్ళ కోసం చేసిన ఆ చట్టంలో జపాన్ అన్న మాట లేదు. 1923లో, అంటే కొలంబస్ పార్కింగ్ నిబంధన వచ్చిన ఏడే, భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఈ దేశపు చట్టం ప్రకారం తెల్లవాళ్ళు కారని, పౌరసత్వానికి పనికిరారని సుప్రీంకోర్టు తేల్చడంతో మనవాళ్ళూ ఆ వాక్యం కిందికి వచ్చారు. 1952 దాకా కోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. నా పిటిషన్‌ని దానితో పోల్చడం అతి. ఆ చట్టం వెనక ద్వేషం ఉంది, మా గ్రూపులో ఉన్నది ఎక్కువగా బద్ధకం. బయట నిలబడ్డవాళ్ళకి ఆ తేడా ఎంతవరకు తెలుస్తుందన్నది నేను చెప్పలేను.

ఇదంతా అమెరికా జబ్బు అనుకుందామంటే, మా నాన్నకి ఫోన్ చేసి చెప్పినప్పుడు అదీ కుదరలేదు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో మా పాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి చాన్నాళ్ళు సెక్రటరీ. నా చిన్నప్పుడు కింద స్టిల్ట్‌లో అన్నీ స్కూటర్లే, ఒకే ఒక్క మారుతీ. మెట్ల కింద వాచ్‌మన్ గది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు నాతో క్రికెట్ ఆడేవాడు, బౌలింగ్ ఎప్పుడూ వాడిదే. నేను ఇంటర్‌కి వచ్చేసరికి కార్లు పెరిగాయి. ఆ గది తీసేస్తే రెండు కార్లు పడతాయని తీర్మానం చేసి, వాళ్ళకి టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన రేకుల షెడ్డు వేయించారు. మినిట్స్ పుస్తకంలో "పార్కింగ్ సమస్య పరిష్కారం" అని రాసింది నాన్నే. ఆయన దస్తూరి బాగుంటుంది.

"వాళ్ళకేం ఇబ్బంది కాలేదురా," అన్నారు నాన్న. "పైన గాలి మంచిగొస్తది సార్ అని వాడే అన్నాడు."

"మరి ఎండాకాలం?"

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "ఎండాకాలం కిందికొచ్చి పడుకునేటోళ్ళు," అన్నారు. "కార్ల మధ్యల."

మూడో హియరింగ్‌లో కౌన్సిల్ తేల్చింది. 44 ఇళ్ళు 38 అయ్యాయి. ఇంటికి రెండు చొప్పున పార్కింగ్ 66 నుంచి 76 అయింది. ఒక కారు నిలబడ్డానికి 9 అడుగులు, 18 అడుగులు కావాలి. వెనక్కి తీసి తిప్పుకునే దారి కూడా కలిపితే దాదాపు 320 చదరపు అడుగులు. పది కార్లకి 3,200. పడగొట్టకుండానే పోయిన ఆ ఆరు సన్నటి ఇళ్ళ పునాది వైశాల్యం కూడా దగ్గరదగ్గర అంతే. గ్రూపులో పార్టీ ఎమోజీలు వచ్చాయి. "మంచి కాంప్రమైజ్. మనం ఇళ్ళకి వ్యతిరేకం కాదు కదా, 38 వస్తున్నాయిగా" అన్నారెవరో. నేనూ ఒక బొటనవేలు పెట్టబోయి ఆగాను.

నా సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని సిటీ క్లర్క్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. రికార్డులో చేరిపోయినదాన్ని మార్చలేం, కావాలంటే కొత్త అభిప్రాయం చేర్చుతాం, ఐతే ఈ అంశం మీద నిర్ణయం అయిపోయింది అని రెండు రోజుల్లో జవాబొచ్చింది. నాలుగు వాక్యాలు రాసి పంపాను.

టీచరుకి దరఖాస్తు ఎలా పెట్టాలో కనుక్కుని చెప్పాను. 44 కాస్తా 38 అయిన సంగతి చెప్పలేదు. లాటరీలో ఆవిడ పేరు రాకపోతే, పోయిన ఆ ఆరింటిలో ఒకటి ఆవిడదే అని ఎవరూ నిరూపించలేరు. వస్తే అది ఇంకెవరిదో. ఈ లెక్క నాకు కొత్త కాదు. నేను ఈ దేశంలో ఉండిపోయింది హెచ్‌1బి లాటరీలో. ఏటా 85,000 వీసాలు, వాటికోసం లక్షల్లో దరఖాస్తులు. మొదటిసారి నా పేరు రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ 85,000 అనే అంకె మీద ఎవరెవరు ఎక్కడ కూర్చుని బేరమాడారో నాకు తెలీదు. మొదటి ఏడు నా పేరు రానప్పుడు మాత్రం, ఇంకో ఆరు ఎక్కువుంటే ఏం పోయేదని చాలా రాత్రులు అనుకున్నాను.

పోయిన శనివారం గరాజ్ సర్దాం. తొట్టి ఎవరికో ఇచ్చేశాం. ట్రెడ్‌మిల్‌ని ఉచితం అని బయట పెడితే గంటలో పట్టుకెళ్ళారు. ఇత్తడి సామాను ఎట్టకేలకు పైకెక్కింది. సాయంత్రానికి ఒక కారు లోపల పట్టింది. గరాజ్ తలుపు దించి బయటికొచ్చి చూస్తే, వీధిలో మేం ఖాళీ చేసిన చోట అప్పటికే పక్కింటివాళ్ళ మూడో కారు ఉంది.